భూమి వ్యాసార్ధం ఎన్ని ఫర్లాంగులు?

అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య 2015లో ఖరారు చేసిన లెక్క ప్రకారం భూమధ్యరేఖ దగ్గర భూమి వ్యాసార్ధం 63,78,100 మీటర్లు. ఫర్లాంగు అంటే 201.168 మీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 31,705.34 ఫర్లాంగులు. గురుగ్రహానికి అదే సమాఖ్య ఇచ్చిన 7,14,92,000 మీటర్లను భాగిస్తే 3,55,384.55 వస్తుంది. గ్రహం కొలతనైనా పాత కొలతనైనా ముందు మీటర్లలోకి తెచ్చుకుంటే, ఆ తర్వాత మిగిలేది ఒక్క భాగహారమే. చిక్కంతా అంతకు ముందే ఉంది: ఏ వ్యాసార్ధం, ఏ అడుగు?

అడుగు సంగతి చాలావరకు తేలిపోయింది. 1959లో ఇంగ్లీషు కొలతలు వాడే ఆరు దేశాలు గజాన్ని సరిగ్గా 0.9144 మీటర్లని ఒప్పుకున్నాయి. అడుగు అందులో మూడో వంతు, 0.3048 మీటర్లు. 66 అడుగులు ఒక గుంటర్ గొలుసు (భూమి కొలిచే సర్వేయర్ల గొలుసు), పది గొలుసులు ఒక ఫర్లాంగు, ఎనిమిది ఫర్లాంగులు ఒక మైలు. అన్నీ పూర్ణసంఖ్యల నిష్పత్తులే కాబట్టి మైలుకు 1,609.344 మీటర్లు అన్నది సవరించి రాసిన అంకె కాదు, అచ్చంగా అంతే. దాన్ని 1.6 కిలోమీటర్లని కుదిస్తే భూమి వ్యాసార్ధం 3,963 మైళ్లకు బదులు 3,986 అవుతుంది. 23 మైళ్లు తేడా. ధ్రువాల దగ్గర భూమి నొక్కుకుపోయింది దాదాపు 13 మైళ్లే. అంటే ఈ సవరింపు పొరపాటు భూమి ఆకారాన్నే మింగేస్తుంది.

ఆ నొక్కు వల్లే ఏ వ్యాసార్ధం అన్న ప్రశ్న వస్తుంది. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 నమూనాలో మధ్యరేఖ దగ్గర 6,378.137 కిలోమీటర్లు, ధ్రువం దగ్గర 6,356.752. రెంటికీ మధ్య 106 ఫర్లాంగుల తేడా ఉంది. సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లని తీసుకుంటే జవాబు 31,670 ఫర్లాంగులు. దశాంశ బిందువు తర్వాత కాలిక్యులేటర్ చూపించే అంకెలకు అక్కడ అర్థం లేదు. గురుగ్రహానికి గట్టి నేల లేదు కనుక, వాతావరణ పీడనం ఒక బార్ (సుమారుగా మన సముద్రమట్టం దగ్గర ఉండేంత) ఉన్న మట్టాన్నే ఉపరితలం అనుకుని కొలుస్తారు. అంత మెత్తటి హద్దును ఫర్లాంగులో వందో వంతు దాకా రాయడం, పైన నేను రాసినట్టు, లెక్క సరిచూసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు.

నోటిలెక్కతో సరిచూసుకోవాలంటే కిలోమీటర్లను అయిదుతో గుణించి, వచ్చినదాంట్లోంచి 0.58 శాతం తీసేయండి. 6,378 అయిదుసార్లు 31,890; అందులోంచి 185 పోతే 31,705. భాగించాల్సిన చోట గుణించి ఉంటే ఇక్కడే బయటపడుతుంది.

అమెరికా సర్వే అడుగు మాత్రం పాత రికార్డుల్లో ఇంకా తగులుతుంది. అది 1200/3937 మీటరు. మామూలు అడుగుకన్నా పది లక్షల్లో రెండు వంతులు పెద్దది. గది కొలిస్తే ఆ తేడా కనబడదు. కానీ మూలబిందువు నుంచి 20 లక్షల అడుగుల దూరంలో ఉన్న స్థలాన్ని పటంలో గుర్తించేటప్పుడు ఒక అడుగుకు బదులు ఇంకోటి వాడితే హద్దురాయి నాలుగు అడుగులు పక్కకు జరుగుతుంది. భూమి వ్యాసార్ధం మీద అది దాదాపు 13 మీటర్లు, భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరం మీద సుమారు 300 కిలోమీటర్లు. 2022తో ఆ అడుగును అధికారికంగా విరమించారు. అంతకు ముందటి పత్రం చేతికొస్తే అందులో ఉన్నది ఏ అడుగో చూశాకే మార్చాలి.

ఇంకా వెనక్కి వెళ్తే నిర్వచనమే జారిపోతుంది. ఆర్యభటుడు భూమి వ్యాసం 1,050 యోజనాలన్నాడు. యోజనానికి 8,000 పురుష ప్రమాణాలు, పురుష ప్రమాణానికి నాలుగు మూరలు. మూర 18 అంగుళాలనుకుంటే యోజనం 14.63 కిలోమీటర్లు, భూమి వ్యాసం 15,362 కిలోమీటర్లు అవుతాయి. అసలు సగటు 12,742 కంటే ఇది అయిదో వంతు ఎక్కువ. కొందరు ఇదే లెక్కను తిరగేసి, 12,742ను 1,050తో భాగించి యోజనం 12.14 కిలోమీటర్లని తేలుస్తారు. ఆ యోజనంతోనే మళ్లీ గుణించి, ఆర్యభటుడి అంకె ఇప్పటి కొలతతో సరిపోయిందంటారు. సరిపోక ఏం చేస్తుంది? ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్థనీస్ పేరున ప్రసిద్ధమైన 2,52,000 స్టేడియాల భూపరిధికీ ఇదే గతి పట్టింది. స్టేడియం అంటే అప్పటి గ్రీకు దూరపు కొలత. స్టేడియం 157.5 మీటర్లయితే 39,690 కిలోమీటర్లు, 185 అయితే 46,620. ధ్రువాల మీదుగా చుట్టి కొలిచిన అసలు పరిధి 40,008. యోజనానికైనా స్టేడియానికైనా మీటర్ల విలువ భూమి పరిమాణంతో సంబంధం లేని ఆధారం నుంచి రావాలి: పాత కొలబద్దో, ఇప్పటికీ నిలిచి ఉన్న రెండు కట్టడాల మధ్య అప్పట్లో రాసిపెట్టిన దూరమో.