పొలాల నడుమ ఒక దీవి

స్కోక్‌లాండ్ దీవికి పడవ అక్కరలేదు, సైకిలు చాలు. నెదర్లాండ్స్‌లోని నోర్డోస్ట్‌పోల్డర్‌లో బల్లపరుపుగా పరుచుకున్న పొలాల మధ్య సన్నగా, పొడవుగా, చుట్టుపక్కల నేల కంటే కాస్త ఎత్తుగా ఒక గడ్డినేల కనిపిస్తుంది. ఒకప్పుడు అలల దెబ్బ కాచుకోవడానికి దాని అంచున కొయ్య దుంగలు వరుసగా పాతారు. ఉత్తరపు కొసన చిన్న రేవు ఉంది. పడవలు ఆగాల్సిన చోట పచ్చగడ్డి ఉంది. మధ్యలోని దిబ్బ మీద 1834లో కట్టిన చర్చి ఉంది. దాని పక్కన నిలబడితే కింద ట్రాక్టర్లు తిరుగుతుంటాయి. ఆ ట్రాక్టర్లు దున్నేది ఒకప్పటి సముద్రపు అడుగు.

పోల్డర్ అంటే చుట్టూ కట్ట వేసి, లోపలి నీరు తోడేసి, మళ్లీ చేరకుండా తోడుతూనే ఉండే నేల. ఈ నిర్వచనంలో అసలు బరువంతా 'తోడుతూనే ఉండే' అన్న మాట మీద ఉంది. వాన కురుస్తుంది, కట్ట కింద నుంచి ఊట వస్తుంది. పంపులు ఆపేస్తే చాలు, నీరు నెమ్మదిగా తన చోటికి తాను వచ్చేస్తుంది. అందుకే ఈ దేశంలో రాతి కట్టడాన్నీ, పక్షుల మడుగునూ కాపాడే వాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: ఇక్కడ నీటిమట్టం ఎంత?

స్కోక్‌లాండ్ వాసులకు ఆ ప్రశ్న ప్రాణం మీదికే వచ్చింది. తుపాను వచ్చినప్పుడల్లా సముద్రం దీవిని కొంచెం కొంచెం కొరుక్కుతినేది. పేదరికం సరేసరి. 1859లో రాజు మూడవ విల్లెం దీవిని ఖాళీ చేయమని ఆదేశించాడు. దాదాపు 650 మంది ఎదురుగా ఉన్న తీరపు ఊళ్లకు చెల్లాచెదురయ్యారు. అప్పటి సముద్రం పేరు జౌడర్‌జే, అంటే దక్షిణ సముద్రం. 1916లో దాని తీరాలను పెద్ద వరద ముంచెత్తింది. అప్పటి మంత్రి, ఇంజనీరు కూడా అయిన కోర్నెలిస్ లేలీ, అంతకు పాతికేళ్ల కిందట తానే గీసిన పథకాన్ని పట్టాలెక్కించాడు. 32 కిలోమీటర్ల ఆఫ్‌స్లౌట్‌డైక్ కట్ట 1932లో సముద్రపు నోరు మూసింది. ఉప్పునీరు కొన్నేళ్లలో మంచినీరయింది. దాని పేరు కూడా ఐసల్‌మేర్ సరస్సుగా మారింది. ఆ సరస్సులోంచి ఒక్కో ముక్కనూ కట్ట కట్టి తోడేశారు. 1942లో నోర్డోస్ట్‌పోల్డర్ ఆరింది. దీవి చుట్టూ ఉన్న నీరు పోయింది. జనాన్ని తరిమేసిన సముద్రం తర్వాత తానే వెళ్లిపోవలసి వచ్చింది. దీవి మీది పాత ఊరు ఎమ్మెలోర్డ్ పేరునే పోల్డర్ నడిమధ్యలో వెలసిన కొత్త పట్టణానికి పెట్టుకున్నారు.

నీరు తోడగానే పొలం వచ్చేసిందని అనుకోకండి. సముద్రపు అడుగున మిగిలేది గంజిలాంటి బురద. మనిషి కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతాడు. దాన్ని నేలగా మార్చడానికి డచ్చివారు యంత్రాల కంటే ముందు ఒక గడ్డిని నమ్ముకున్నారు. కొల్లేరు చుట్టూ కిక్కిస అంటారే, దానికి దగ్గరి చుట్టం. తర్వాత ఆరబెట్టిన ఫ్లేవోలాండ్ పోల్డర్ల మీద ఆ విత్తనాలను విమానాల్లోంచి చల్లారు. కిక్కిస వేర్లు బురదలోని నీటిని పీల్చి ఆకుల ద్వారా గాలిలోకి వదిలేస్తాయి. ఆ దట్టంలో కలుపు తల ఎత్తదు. బురద ఆరేకొద్దీ కుదించుకుపోయి నెర్రెలిస్తుంది. నెర్రెల్లోకి గాలి దిగుతుంది, గాలి వెంట సూక్ష్మజీవులూ వానపాములూ వస్తాయి, బంకమట్టి పొడిపొడిగా విడిపోతుంది. దీన్ని వాళ్లు నేల 'పండటం' అంటారు. ఒకసారి పండిన మట్టిని నీళ్లలో నానబెట్టినా మళ్లీ ఆ గంజి కాదు. గోదావరి డెల్టా రైతు దమ్ము చేసేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు పని చేస్తాడు. నీరు దిగిపోకుండా ఉండాలని మట్టి నిర్మాణాన్ని కావాలనే చిదిమి బురద చేస్తాడు. ఒకే బంకమట్టితో రెండు ఎదురు విద్యలు!

బురద పండుతుంటే కాలువలు తవ్వేవారి పలుగులకు ఓడలు తగలడం మొదలైంది. శతాబ్దాల పాటు తుపానుల్లో మునిగిన సరుకు పడవలు, చేపల పడవలు 400కు పైగా ఫ్లేవోలాండ్ నేలలో బయటపడ్డాయి. పలకలు, తాళ్లు, వంటసామాను చెక్కుచెదరలేదు. గాలి తగలని తడిలో కొయ్యను కుళ్లబెట్టే జీవులు బతకలేకపోవడమే దీనికి కారణం. ఆరబెడితే రైతుకు నేల దొరుకుతుంది, తడిగా ఉంచితే చరిత్ర మిగులుతుంది. రెండూ ఒకే చోట సాధ్యం కాకపోవడమే పోల్డర్‌లోని అసలు పేచీ.

స్కోక్‌లాండ్‌లో ఆ పేచీ కళ్లముందే జరిగింది. దీవి కింద పీట్ ఉంది. పీట్ అంటే నీటిలో నానుతూ పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న మొక్కల అవశేషాల పొర. చుట్టూ పొలాల కోసం భూగర్భ జలమట్టం దించగానే ఆ పొరలోకి గాలి చొరబడింది. పీట్‌లోని కర్బనం ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్‌గా లేచిపోయింది. దాంతో దీవి కుంగడం మొదలైంది. సముద్రం మింగలేకపోయినదాన్ని ఎండబెట్టడం మింగుతోందన్నమాట. 1995లో ఈ దీవి నెదర్లాండ్స్ నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కిన మొదటి స్థలమైంది. రాతియుగం నుంచి మనిషి ఇక్కడ దున్నిన జాడలు, సమాధులు దాని చుట్టుపక్కల నేలలో ఉన్నాయి. వాటిని కాపాడటానికి ఏం చేశారు? దీవి పక్కన ఉన్న కొంత భూమిని మామూలు సేద్యం నుంచి తప్పించి, అక్కడ నీటిమట్టం పెంచారు. అంత కష్టపడి తోడేసిన నీటిని తిరిగి తెచ్చుకున్నారు. ఆ తడిసిన అంచులో ఇప్పుడు నీటిపక్షులు దిగుతున్నాయి. పురావస్తు శాఖ పనికి పక్షుల లాభం!

ఇదంతా 20వ శతాబ్దపు వెర్రి అనుకుంటే పొరపాటు. ఆమ్‌స్టర్‌డామ్‌కు ఉత్తరాన బేమ్‌స్టర్ సరస్సును 1612లోనే గాలిమరలతో ఆరబెట్టారు. ఒక మర ఒకటిన్నర మీటరు మించి నీటిని ఎత్తలేదు కాబట్టి మరలను మెట్లలా వరుసగా నిలిపి, ఒకటి ఎత్తిన నీటిని ఇంకొకటి అందుకునేలా చేశారు. నేటికీ అక్కడి నేల సముద్రమట్టానికి దాదాపు మూడున్నర మీటర్లు దిగువన ఉంది. డబ్బు పెట్టిన వాళ్లలో ముఖ్యుడు డిర్క్ వాన్ ఓస్ డచ్ ఈస్టిండియా కంపెనీ స్థాపకుల్లో ఒకడు. ఆ కంపెనీయే 17వ శతాబ్దం తొలి ఏళ్లలో మచిలీపట్నంలో దిగి కలంకారీ వస్త్రాల వర్తకం చేసింది. హాలండు వారిని మన పూర్వులు వలందులు అన్నారు. బందరులో వలందపాలెం పేరు ఆ జ్ఞాపకమే.

నార్డర్‌మేర్ కథ ఇంకా చిత్రం. ఆ సరస్సును 1629లో ఒకసారి ఆరబెట్టారు. శత్రుసైన్యం రాకుండా తామే మళ్లీ నీళ్లు వదిలి ముంచారు. 1880ల్లో ఇంకోసారి ప్రయత్నించి, లాభం లేదని వదిలేశారు. 1904లో ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి దాన్ని చెత్తకుప్పగా వాడుకుందామన్న ఆలోచన వచ్చింది. అక్కడ తెడ్డుమూతి కొంగలు గూళ్లు పెడుతున్నాయని బడిపంతులు యాక్ టెయ్‌సె, ఆయన మిత్రులు లేచారు. 1905లో నాటూర్‌మోనుమెంటెన్ అనే సంఘం పుట్టింది. మరుసటి ఏడు అది ఆ సరస్సును కొనేసింది. దేశంలో అదే మొట్టమొదటి ప్రకృతి సంరక్షణ స్థలం. రెండుసార్లు పొలం కాలేక తప్పిపోయిన నీటిమడుగు!

తప్పిపోయిన నేలల్లో పేరుమోసినది మాత్రం ఓస్ట్‌ఫార్డర్స్‌ప్లాసెన్. దక్షిణ ఫ్లేవోలాండ్ 1968లో ఆరింది. అందులో అన్నిటికంటే పల్లంగా ఉన్న మూల పరిశ్రమల కోసం అట్టేపెట్టారు. పరిశ్రమలు రావడం ఆలస్యమైంది, పక్షులు ఆలస్యం చేయలేదు. 1970ల్లో ఆ మూల చుట్టూ ఒక చిన్న కట్ట వేసి నీటిని నిలిపారు. ఆరబెట్టిన పోల్డర్ లోపల తడి నిలవడానికి ఇంకో కట్ట! తర్వాత వచ్చిన రైలుమార్గం సైతం దారి మళ్లి దాని పక్కగా వంగి వెళ్లింది.

అక్కడ శాస్త్రజ్ఞుల కన్ను పడింది గ్రేలాగ్ పెద్దబాతుల మీద. వేసవి మొదట్లో ఈ బాతులు రెక్కల ఈకలు ఒకేసారి రాల్చుకుంటాయి. మళ్లీ మొలిచే దాకా కొన్ని వారాలు ఎగరలేవు. నక్క వంటి శత్రువు అందుకోలేని నీటి మధ్య వేల సంఖ్యలో చేరి, ఆ వారాలంతా కిక్కిసను మేస్తూ కూర్చుంటాయి. దాంతో కిక్కిస మడుగునంతా ఆక్రమించకుండా మధ్యమధ్య నీరు తెరిపిగా మిగిలింది. మనిషి కోయనక్కరలేదు. జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్ వెరాకు దీన్నుంచి ఒక ఆలోచన తట్టింది: బాతులు మడుగును తెరిపిగా ఉంచగలిగితే, మేసే పెద్ద జంతువులు పొడినేలను తెరిపిగా ఉంచలేవా? పూర్వపు యూరప్ అంతా దట్టమైన అడవి అన్న నమ్మకాన్నే ఆయన ప్రశ్నించాడు. 1983లో హెక్ అనే మొరటు జాతి పశువులు, 1984లో కోనిక్ అనే పొట్టి జాతి గుర్రాలు, 1992లో ఎర్రజింకలు అక్కడికి వచ్చాయి. 2006లో తెల్లతోక గద్ద గూడు కట్టడంతో అందరూ మురిసిపోయారు.

కానీ అది సుమారు 56 చదరపు కిలోమీటర్ల స్థలం. చుట్టూ కంచె ఉంది, లోపల తోడేలు లేదు. శీతాకాలంలో మేత తగ్గితే మెరకకు పోయే దారి లేదు. 2017-18 చలికాలంలో 5,000 పైచిలుకు జంతువుల్లో 3,000కు పైగా చనిపోయాయి. ఎక్కువ భాగం ఆకలితో కుమిలిపోకుండా అటవీ సిబ్బందే కాల్చిచంపారు. జనం కంచె మీదుగా ఎండుగడ్డి విసిరారు, ఊరేగింపులు తీశారు. ఆ ఏడే జంతువుల సంఖ్యకు హద్దు పెట్టాలని ప్రాంతీయ ప్రభుత్వం నిర్ణయించింది. నా మటుకు వెరా ప్రశ్న మంచిదే. కంచె వేసి దానికి జవాబు వెతకడమే కుదరలేదు. నీటిమట్టాన్ని మనిషి నిర్ణయించే చోట మందల లెక్కను మాత్రం ప్రకృతికి వదిలేయడం సగం చేతులు కడుక్కోవడమే.

మడుగులోనూ చిక్కు వచ్చింది. బాతులు మేసి మేసి కిక్కిస పలచబడింది. కిక్కిస విత్తనం నిలవనీటి అడుగున మొలకెత్తదు, దానికి బయటపడిన తడిబురద కావాలి. సహజమైన చిత్తడిలో కరువేళ్లు ఆ పని చేస్తాయి. పోల్డర్‌లో కరువును కూడా మనిషే తేవాలి. అందుకని ఈమధ్య మడుగులో ఒక భాగం నీటిని కావాలనే దింపారు. కొన్నేళ్లు అలా ఉంచి, కిక్కిస నిలదొక్కుకున్నాక తూము మూసి మళ్లీ నింపాలని లెక్క. నింపగానే ముందు వచ్చేది బాతులే.