పిల్లలూ, ముందు అడగండి

పిల్లలూ,

మొన్న వీడియో కాల్‌లో మీరిద్దరూ గంటసేపు అడిగినవన్నీ సామాన్ల గురించే. ఆవకాయ ఎన్ని కిలోలు తెచ్చుకోవచ్చు, కుక్కర్లు రెండు కావాలా, చలికోటు హైదరాబాద్‌లో కొనాలా అక్కడికొచ్చాక కొనాలా అని. కుక్కర్ ఒకటి చాలు, కోటు అమెరికా వచ్చాకే కొనుక్కోండి, ఆవకాయ మీరు వద్దన్నా మీ అమ్మ పెడుతుంది. మీరు అడగని సంగతి ఒకటుంది, అమెరికాలో చదువుకునే పిల్లలు పాటించాల్సిన రూల్స్. ఈ ఉత్తరం దానికోసం.

వీసా స్టాంపింగ్ అయిన రోజు ఊళ్లో అందరికీ స్వీట్లు పంచారని విన్నాను, చాలా సంతోషం. అయితే ఆ వీసా మిమ్మల్ని అమెరికా గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతవరకే. లోపలికొచ్చాక మిమ్మల్ని నిలబెట్టేది మీకు సీటిచ్చినట్టు యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 అనే కాగితం, దాని వెనకున్న సెవిస్ అనే కంప్యూటర్ రికార్డు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత, 2003 నుంచి ఎఫ్1 అనే స్టూడెంట్ వీసా మీద వచ్చే ప్రతి విద్యార్థి వివరాలూ అందులో ఉంటున్నాయి. ఈ సెమిస్టర్‌కి రిజిస్టర్ అయ్యారా, ఎక్కడ ఉంటున్నారు, ఉద్యోగం చేస్తుంటే ఏ అనుమతితో చేస్తున్నారు, అన్నీ. పాస్‌పోర్ట్‌లో వీసాకి ఇంకా నాలుగేళ్లు గడువున్నా సరే, సెవిస్‌లో రికార్డు రద్దయితే ఆ నాలుగేళ్లు ఎందుకూ పనికిరావు. యూనివర్సిటీలో ఆ రికార్డు చూసే ఆఫీసర్‌ని డీఎస్ఓ అంటారు, ఇంటర్నేషనల్ ఆఫీసులో కూర్చుంటారు. వచ్చిన మొదటి వారంలోనే ఆ గది ఎక్కడుందో చూసుకోండి.

ఇరవై ఏళ్లుగా ఇక్కడికొచ్చే మన పిల్లల్ని చూస్తూ నేను తెలుసుకున్నది ఒక్కటే. ఇక్కడి రూల్స్‌లో చాలావాటికి, ముందు అడిగితే అనుమతి దొరుకుతుంది. అదే పని చేసేసి తర్వాత వెళ్లి చెప్తే అది తప్పు కింద రికార్డవుతుంది.

కొన్నేళ్ల క్రితం మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు, ఎంఎస్ రెండో సెమ్. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదట, తిండి సరిగ్గా తినేవాడు కాదు, ఇంట్లో చెప్తే కంగారు పడతారని అన్నీ మనసులోనే పెట్టుకున్నాడు. ఒకరోజు అర్ధరాత్రి లాప్‌టాప్ తీసి, ఉన్న మూడు కోర్సుల్లో రెండు తనే డ్రాప్ చేసేశాడు. తొమ్మిది క్రెడిట్లు ఉండాల్సిన చోట మూడు మిగిలాయి. ఆ పిల్లాడు దానికి ముందు రోజు డీఎస్ఓ దగ్గరికెళ్లి, డాక్టర్ ఉత్తరం చూపించి ఉంటే, ఆరోగ్య కారణాల మీద తక్కువ కోర్సులతో చదువుకోవడానికి అనుమతి ఇచ్చేవాళ్లు. అది రూల్‌లోనే ఉంది, మొత్తం మీద పన్నెండు నెలల దాకా ఇవ్వొచ్చు. మూడు వారాల తర్వాత వెళ్లాడు. అప్పటికే రికార్డు పోయింది. మళ్లీ స్టేటస్, అంటే స్టూడెంట్‌గా ఇక్కడ ఉండే హక్కు, తెచ్చుకోవడానికి అప్లికేషన్, లాయర్ ఫీజు, నెలల తరబడి టెన్షన్. చివరికి నిలబడ్డాడు గానీ ఏడాది పోయింది. మా ఇంట్లో భోంచేస్తూ, "అడిగితే వెనక్కి పంపేస్తారేమోనని భయపడ్డాను ఆంటీ" అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఆ భయం ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన కాలేజీల్లో ఆఫీసు రూమ్ అంటే ఫీజు బాకీ కోసం హాల్ టికెట్ ఆపే చోటు, పని లేకపోతే ఎవరూ అటువైపు వెళ్లరు. అందుకే ఇక్కడికొచ్చాక కూడా వాట్సాప్ గ్రూపులో సీనియర్ అన్నని అడుగుతారు. ఏ స్టోర్‌లో బియ్యం చవక, ఏ బస్సు ఎక్కాలి, ఏ కాంప్లెక్స్‌లో నల్లులున్నాయి అన్నది అన్నకి బ్రహ్మాండంగా తెలుసు. స్టేటస్ సంగతి మాత్రం ఆ అన్న తను పట్టుబడకుండా గట్టెక్కిన దాన్ని చూసి చెప్తాడు. డీఎస్ఓకి ఈమెయిల్ రాయండి, వచ్చిన జవాబు దాచుకోండి.

ఉద్యోగం సంగతి కూడా అంతే. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, సెలవుల్లో అంతకంటే ఎక్కువ చేసుకోవచ్చు. బయట గ్యాస్ స్టేషన్‌లోనో రెస్టారెంట్‌లోనో చేతికి డబ్బులు తీసుకుని చేస్తే అది ఉల్లంఘన, ఎంతమంది చేస్తున్నా సరే. లోన్ వడ్డీ గుర్తొచ్చినప్పుడు కడుపులో ఎలా ఉంటుందో నాకు తెలియక కాదమ్మా ఈ మాట చెప్తున్నది. క్యాంపస్‌లో డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగినా అది గౌరవంగా బతకడమే. వచ్చిన వారంలోనే ప్రొఫెసర్లకి గ్రేడర్ పని, అంటే పేపర్లు దిద్దే పని, ఉందా అని రాయండి, పదిమందికి రాస్తే ఒకరు పిలుస్తారు. ఒక విద్యా సంవత్సరం పూర్తయ్యాక, ఇంటి దగ్గర అనుకోకుండా పెద్ద ఇబ్బంది వస్తే, బయట పని చేసుకోవడానికి అప్లై చేసే దారి కూడా ఉంది. ఇది చాలామందికి తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగరు.

ఇక సీపీటీ. మీ చదువులో భాగంగా బయట కంపెనీలో పని చేయడానికి డీఎస్ఓ ఇచ్చే అనుమతి అది. ఫుల్ టైమ్ సీపీటీ పన్నెండు నెలలు వాడేస్తే ఆ డిగ్రీ మీద ఓపీటీ, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, పోతుంది. "క్లాసులకి రానక్కర్లేదు, మొదటి రోజు నుంచే సీపీటీ ఇస్తాం" అని ఎవరన్నా అంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ అనే బోగస్ కాలేజీ మీద అధికారుల దాడి జరిగినప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఇంకొకటి బయటపడింది. వీసా మోసాలు పట్టుకోవడానికి దాన్ని నడిపింది ఇమ్మిగ్రేషన్ అధికారులే. వెబ్‌సైట్ ఉంది, ఆఫీసు ఉంది, పాఠాలు లేవు. మొదట అరెస్టు చేసిన 130 మందిలో 129 మంది మన దేశం పిల్లలు, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. ఆ వారం ఇక్కడ మాకెవరికీ నిద్ర లేదు. తెలిసినవాళ్ల పిల్లలేమైనా ఉన్నారా అని ఊళ్ల నుంచి ఒకటే ఫోన్లు. వాళ్లలో చాలామంది కమీషన్ తీసుకునే మనిషి మాట నమ్మి చేరినవాళ్లే.

ఓపీటీ తేదీలు మాత్రం రాసి పెట్టుకోండి. చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపల అప్లై చేయాలి. పన్నెండు నెలలు ఇస్తారు, అందులో ఉద్యోగం లేకుండా 90 రోజులకి మించి ఉండకూడదు. మీవి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సులు కాబట్టి ఆ తర్వాత ఇంకో 24 నెలలు అడగొచ్చు. ఇల్లు మారితే పది రోజుల్లో చెప్పాలి. ఇది చిన్న విషయమని అందరూ మర్చిపోతారు.

చదువులోనూ ఇదే. ఇంజినీరింగ్‌లో ఒకరి ల్యాబ్ రికార్డు చూసి అందరూ రాసేసేవాళ్లు కదా, ఇక్కడ ఫ్రెండ్ కోడ్ తీసుకున్నా, మీది ఇచ్చినా, యూనివర్సిటీలో ఇద్దరి మీదా కాపీ కేసు పెడతారు. కలిసి చేయొచ్చా అని ప్రొఫెసర్‌ని ముందే అడిగితే ఎంతవరకు చేయొచ్చో ఆయనే చెప్తారు.

ఇక్కడ యూనివర్సిటీ వాళ్లు మీ అనుమతి లేకుండా మీ మార్కులు మీ నాన్నకి చెప్పరు, చట్టం అలా ఉంది. అంటే మీరు చెప్తేనే ఇంట్లో తెలుస్తుంది. ఒంట్లో బాగోకపోతే ముందు క్యాంపస్ హెల్త్ సెంటర్, ప్రాణం మీదికొస్తే బిల్లు గురించి ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి. మనసు మరీ బరువుగా ఉంటే 988కి ఫోన్ చేయండి, ఏ టైమ్‌లోనైనా మాట్లాడతారు. మీ నాన్నకి చెప్పలేనిది నాకు చెప్పండి, రాత్రి రెండింటికైనా ఫోన్ తీస్తాను, ఎందుకు చేశావని అడగను.

ఐ-20 చెక్-ఇన్ పెట్టెలో పెట్టకండి. దిగగానే ఇమ్మిగ్రేషన్ దగ్గర అడుగుతారు, పెట్టెలు చేతికొచ్చేది ఆ తర్వాతే. పాస్‌పోర్ట్‌తో పాటు చేతిసంచిలో పెట్టుకోండి, సంతకం చేయడం మర్చిపోకండి.

మీ పెద్దమ్మ
డాలస్