కుడితి గోలెంలోకి పోయిన బలం

బియ్యం మూడు నీళ్లు కడగడం, అన్నం ఉడికాక గంజి వార్చడం, ఆ కడుగునీళ్లూ గంజీ తీసుకెళ్లి దొడ్లో కుడితి గోలెంలో పొయ్యడం మా అమ్మమ్మకు రోజూ పొద్దుటి పని. మరనుంచి తెచ్చిన తవుడు ఒక దోసెడు అందులోనే కలిపేది. గేదె మూతి ముంచి గోలెం అడుగు దాకా తాగేది. మేం తెల్లన్నం తినేవాళ్లం. ఇప్పుడు మా ఇంట్లో ఫ్రిజ్ మీద బీకాంప్లెక్స్ మాత్రలున్నాయి. వేళకు తింటున్న మనిషికి ఈ బలం మాత్రలు కావాలా అని ఎవరడిగినా నాకు ఆ గోలెమే గుర్తొస్తుంది. విటమిన్ల కథ మొదలైందే తవుడు దగ్గర.

1890ల్లో జావాలో క్రిస్టియాన్ ఐక్‌మాన్ అనే డచ్చి వైద్యుడు ఒక సంగతి గమనించాడు. పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోతున్నాయి, పైపొర తియ్యని బియ్యం పెడితే తేరుకుంటున్నాయి. మనుషులకొచ్చే బెరిబెరి కూడా అలాంటిదే. కాళ్లు తిమ్మిరెక్కి, ఒంటికి నీరుపట్టి, చివరకు గుండె చేతులెత్తేస్తుంది. తవుడులో ఉన్న ఆ పదార్థం లాంటివాటికి 1912లో కాసిమిర్ ఫంక్ అనే శాస్త్రవేత్త ‘విటమిన్’ అని పేరు పెట్టాడు.

మద్రాసు రాజధానిలో బెరిబెరి బాగా పట్టుకున్నది మన కోస్తా జిల్లాలనే, అప్పటి మాటలో ఉత్తర సర్కారులను. అన్నం తినేవాళ్లు తమిళ, మలయాళ ప్రాంతాల్లోనూ ఉన్నారు. కానీ అక్కడ ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లను నానబెట్టి ఉడికిస్తే పైపొరలోని థయామిన్, అంటే బీ1, గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత మర ఎంత చెక్కినా కొంత మిగులుతుంది. మనకేమో పచ్చిబియ్యమే కావాలి, అదీ మల్లెపూవులా ఉండాలి. ఇంట్లో రోకలి పోటు వేసుకున్నన్నాళ్లూ దంపుడు బియ్యానికి కాస్త తవుడు అంటుకునే ఉండేది. మర వచ్చాక ఆ కాస్తా పోయింది. మిగిలినదాన్ని కడుగునీళ్లూ గంజీ పట్టుకుపోయాయి. 1918లో కూనూరులో ఒకే ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన మొదలైంది. అదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, ఇవాళ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మనీలాలో తవుడు కషాయంతో పని మొదలుపెట్టి, పాతికేళ్లు వెంటపడి, 1936లో థయామిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ పుట్టింది నెల్లూరులో. 1886లో, అమెరికన్ మిషనరీల ఇంట. ఇక బీ విటమిన్లలోనే ఇంకొకటైన ఫోలిక్ ఆమ్లం కథ. బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని లూసీ విల్స్ అనే ఇంగ్లిషు వైద్యురాలు కనిపెట్టింది. అందులోని ఆ పదార్థాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సొంత అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల జబ్బుకు పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బుకు ఫోలిక్ ఆమ్లం మందుగా పనికొచ్చింది.

ఈ కథల్లో ఎక్కడా ‘అందరికీ అన్నీ’ అన్న మాట లేదు. ఫలానా చోట, ఫలానా వాళ్లకు, ఫలానాది తక్కువైంది, దాన్ని పూడ్చారు. 1970లో ప్రభుత్వం గర్భిణులకు ఐరన్, ఫోలిక్ మాత్రలు, చిన్నపిల్లలకు ఆరు నెలలకోసారి విటమిన్ ఏ మొదలుపెట్టింది కూడా ఆ లెక్కనే. ఇప్పటికీ ఆ లెక్కే సరైనదని నా నమ్మకం. గర్భం నిలిచిన తొలి నాలుగు వారాల్లోనే బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకుంటుంది, అది సరిగ్గా మూసుకోవడానికి ఫోలిక్ అవసరం, కాబట్టి ముందునుంచే వేసుకోవాలి. బీ12 పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే దొరుకుతుంది గనక పాలు కూడా మానేసినవాళ్లకు మాత్ర తప్పదు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునే షుగరు మనుషులు బీ12 పరీక్ష చేయించుకోవాలి. పొద్దస్తమానం ఏసీ గదుల్లో ఉండేవాళ్లకు డీ విటమిన్ తగ్గడంలో వింత లేదు.

ఇవేవీ కాకుండా ‘ఎందుకైనా మంచిది’ అని మింగడం వేరు. ఫిన్లాండులో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిగిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం పెరిగింది. ఏ, డీ లాంటివి ఎక్కువైతే ఒంట్లోనే పేరుకుపోతాయి. కండల కోసం ప్రొటీన్ పొడులు వాడొద్దని తార్నాక సంస్థే 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. జిమ్‌కెళ్లే మన పిల్లలకు ఈ మాట చేరాలి.

2021లో ప్రభుత్వం ప్రకటించాక రేషన్ బియ్యంలో కొత్త గింజలు కలపడం మొదలైంది. బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 చేర్చి గింజల్లా ఒత్తి, నూటికి ఒకటి చొప్పున కలిపారు. కడిగేటప్పుడు అవి పైకి తేలితే ప్లాస్టిక్ బియ్యమని భయపడి, ఏరి పారబోసినవాళ్లున్నారు. అవేమిటో సంచీ ఇచ్చేటప్పుడే డీలరు ఒక్క ముక్క చెప్పి ఉంటే అవి గిన్నెలోనే ఉండేవి.