బాల్కన్ టూర్ అపోహలు - వాస్తవాలు: ముందు మీ షెంజెన్ స్టిక్కర్ మీద ఎంట్రీలు చూడండి

"షెంజెన్ వచ్చేసింది కదండీ, ఇక యూరప్ మొత్తం తిరగొచ్చు."

అల్బేనియా, ఉత్తర మాసిడోనియా, కొసావో, మాంటెనెగ్రో, బోస్నియా వైపు టూర్ బుక్ చేసుకునేవాళ్ల దగ్గర మేం ప్రతి సీజన్లోనూ వినే మాట ఇది. షెంజెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు. జనం ఎక్కువగా నష్టపోయేది కూడా ఈ మాట నమ్మే. హోటళ్లు, బస్సు, గైడు, రిటర్న్ టికెట్ అన్నిటికీ డబ్బు కట్టాక వీసా మీది ఒక్క అంకె దగ్గర ప్రయాణం ఆగిపోతుంది. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం దానికే.

అపోహ: షెంజెన్ వీసా ఉంటే బాల్కన్ దేశాలన్నీ తిరగొచ్చు

బాల్కన్‌లో గ్రీస్, స్లొవేనియా, క్రొయేషియా, బల్గేరియా, రొమేనియా షెంజెన్ లోపల ఉన్నాయి. క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. బల్గేరియా, రొమేనియాల రోడ్డు సరిహద్దులు 2025 జనవరి 1 నుంచి తెరుచుకున్నాయి. అల్బేనియా, ఉత్తర మాసిడోనియా, కొసావో, మాంటెనెగ్రో, సెర్బియా, బోస్నియా మాత్రం షెంజెన్ బయటే. వాటిలో అడుగుపెట్టారంటే షెంజెన్ నుంచి బయటికి వచ్చేసినట్టే.

పాస్‌పోర్టు తెరిచి స్టిక్కర్ చూడండి. "నంబర్ ఆఫ్ ఎంట్రీస్" అన్నచోట 01, 02, మల్ట్ అనే మూడింటిలో ఒకటి ఉంటుంది. అంటే షెంజెన్‌లోకి ఒకసారి, రెండుసార్లు, ఎన్నిసార్లయినా (మల్టిపుల్) రావచ్చని. చాలామంది తేదీలు, పేరు స్పెల్లింగ్ చూసుకుని దీన్ని వదిలేస్తారు.

ఎక్కువమంది ఎంచుకునే రూటే తీసుకుందాం. ఏథెన్స్‌లో దిగి మెటియోరా చూసి, కకావియా చెక్‌పోస్టు దాటి అల్బేనియాలోకి వెళ్తారు. జిరోకాస్తర్, బెరాత్, టిరానా అయ్యాక ఉత్తర మాసిడోనియాలో ఓహ్రిడ్, స్కోప్యె, కొసావోలో ప్రిజ్రెన్, మాంటెనెగ్రోలో కొటోర్ చూసుకుని చివరికి క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో విమానం ఎక్కుతారు. కకావియా దగ్గర గ్రీస్ వాళ్లు ఎగ్జిట్ నమోదు చేయగానే 01 వీసా అయిపోయినట్టే, గడువు ఇంకా ఇరవై రోజులున్నా సరే. డుబ్రోవ్నిక్ చేరాలంటే మళ్లీ షెంజెన్‌లోకి రావాలి, అది రెండో ఎంట్రీ. అసలు అంతదూరం రానివ్వరు కూడా. అల్బేనియా, ఉత్తర మాసిడోనియా, కొసావో షెంజెన్ వీసా చూసి మనల్ని రానిచ్చేది అది మల్టిపుల్ ఎంట్రీ అయితేనే. కాబట్టి 01తో కకావియా దగ్గరే వెనక్కి పంపేస్తారు. 02 ఉంటే తిరిగి క్రొయేషియాలోకి రావచ్చు గానీ, దాన్ని ఈ దేశాలు మల్టిపుల్ కింద ఒప్పుకుంటాయన్న భరోసా లేదు. అడిగేదేదో మల్టిపులే అడగండి.

అల్బేనియాకు ఇంకో మెలిక ఉంది. ఆ మల్టిపుల్ వీసాను షెంజెన్‌లో ఒక్కసారైనా వాడి ఉండాలి. కొత్త స్టిక్కర్‌తో హైదరాబాద్ నుంచి ఇస్తాంబుల్ మీదుగా నేరుగా టిరానాకు టికెట్ కొన్నవాళ్లను శంషాబాద్ కౌంటర్‌లోనే ఆపేయొచ్చు. ముందు ఏథెన్స్‌లో దిగితే ఈ చిక్కు రాదు. ఉత్తర మాసిడోనియా, కొసావోల్లో 15 రోజులకు మించి ఉండనివ్వరు. మాసిడోనియా విషయంలో, మీరు వెళ్లిపోయే రోజు తర్వాత కూడా వీసాకు కనీసం 5 రోజుల గడువు మిగిలి ఉండాలి. సెర్బియాకు మనవాళ్లు వీసా లేకుండా వెళ్లే సౌకర్యం 2023 జనవరి 1 నుంచి లేదు. పాత వీడియోలు చూసి టికెట్లు కొనకండి. ఈ నియమాలు మారుతుంటాయి, బయలుదేరే నెల ముందు ఆయా దేశాల విదేశాంగ శాఖ సైట్లో మళ్లీ చూసుకోండి.

మల్టిపుల్ ఎలా అడగాలంటే, దరఖాస్తులో ఎంట్రీల గడిలో మల్టిపుల్ టిక్ చేస్తే సరిపోదు. కవర్ లెటర్‌లో రోజువారీ ప్లాన్ రాసి, ఏ తేదీన ఏ చెక్‌పోస్టులో షెంజెన్ నుంచి బయటికి వెళ్తున్నారో, ఏ తేదీన తిరిగి వస్తున్నారో విడిగా చూపించండి. షెంజెన్ బయటి హోటల్ బుకింగులు కూడా జతచేయండి. అవి అనవసరమనుకుని తీసేసేవాళ్లకే 01 వచ్చే అవకాశం ఎక్కువ. ఏ దేశానికి దరఖాస్తు పెట్టాలన్నది షెంజెన్ రాత్రులను బట్టే తేలుతుంది. గ్రీస్‌లో 3, క్రొయేషియాలో 2 ఉంటే గ్రీస్‌కే. అల్బేనియాలో 5 రాత్రులున్నా ఆ లెక్కలోకి రావు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు, ఫీజు 90 యూరోలు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అదనపు పరిశీలన ఉంటే 45 దాకా పోతుంది. వేసవి స్లాట్ల కోసం ఏప్రిల్ దాకా ఆగొద్దు.

అయినా 01 వచ్చిందా? కంగారు పడకండి, డబ్బంతా పోయినట్టు కాదు. రూటు షెంజెన్ లోపలే తిప్పండి. గ్రీస్ నుంచి బల్గేరియాకు వెళ్లి ప్లోవ్‌డివ్, రిలా మఠం, వెలికో టర్నొవో చూడండి. అక్కణ్నుంచి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాకు. ఇప్పుడు ఇదంతా ఒకే ఎంట్రీ కింద అయిపోతుంది, మనవాళ్లు పెద్దగా వెళ్లని బాల్కనే ఇదీ.

ఇంకో ఉచ్చు డుబ్రోవ్నిక్ నుంచి మోస్తార్ డే ట్రిప్. మోస్తార్ బోస్నియాలో ఉంది. 1993లో కూలి 2004లో మళ్లీ కట్టిన అక్కడి పాత వంతెన చూసి సాయంత్రం తిరిగి రావాలన్నా రెండో ఎంట్రీ కావాలి. స్ప్లిట్ నుంచి డుబ్రోవ్నిక్ బస్సులు కూడా ఒకప్పుడు బోస్నియాలోని నేఉమ్ మీదుగానే వెళ్లేవి. 2022 జులైలో పెల్యేశాట్స్ వంతెన తెరిచాక ఆ అవసరం తప్పింది. అయినా టికెట్ కొనేముందు బస్సు ఏ దారిలో వెళ్తుందో అడగండి.

అపోహ: షెంజెన్ లేకపోతే ఇక దారే లేదు

అమెరికాలో పిల్లలున్న అమ్మానాన్నలూ, ఇది మీకే. పదేళ్ల బి1/బి2 (అమెరికా విజిటర్) వీసా గడువులో ఉండి, దానితో ఒక్కసారైనా అమెరికా వెళ్లొచ్చి ఉంటే అల్బేనియా, ఉత్తర మాసిడోనియా, మాంటెనెగ్రో, సెర్బియా దానిమీదే రానిస్తాయి. ఇస్తాంబుల్ మీదుగా టిరానాలో దిగి, ఓహ్రిడ్, కొటోర్ చూసుకుని మాంటెనెగ్రో రాజధాని పోడ్గొరిత్సా నుంచి తిరిగి రావచ్చు, షెంజెన్ ఊసే అక్కర్లేదు. కొసావో మాత్రం ఈ రూటులో పెట్టుకోకండి. వీసా స్టాంపింగ్ గడువు తీరిపోయి ఐ-797 (అమెరికా ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చే అనుమతి) కాగితం మాత్రమే చేతిలో ఉన్న పిల్లలకు ఈ దారి పనికిరాదు.

అపోహ: కొసావో, సెర్బియా ఏ వరసలో చూసినా ఒకటే

కాదు. కొసావో 2008లో ప్రకటించుకున్న స్వాతంత్ర్యాన్ని సెర్బియా గుర్తించలేదు. అల్బేనియా వైపు నుంచి కొసావోలోకి వెళ్లి అట్నుంచటే సెర్బియాకు పోతే, మీరు తమ దేశంలోకి అక్రమంగా వచ్చారని సెర్బియా పోలీసులు లెక్కేస్తారు. మాసిడోనియాకు వెనక్కి వచ్చి అక్కణ్నుంచి సెర్బియా వెళ్లండి. భారత్ కూడా కొసావోను గుర్తించలేదు, అక్కడ మన ఎంబసీ లేదు. పాస్‌పోర్టు విషయంలో మామూలుకంటే జాగ్రత్తగా ఉండండి.

అపోహ: అక్కడ ఇంకా యుద్ధమే, మందుపాతరలే

పెద్దవాళ్లకు ఈ భయం ఉండటం సహజం. తొంభైల్లో సారయెవో వార్తలు టీవీలో చూసినవాళ్లు వాళ్లు. బోస్నియా యుద్ధం 1995లో, కొసావో యుద్ధం 1999లో ముగిశాయి. మందుపాతరలు బోస్నియాలో ఇంకా కొన్ని అడవుల్లో, కొండల్లో ఉన్నాయి, పుర్రె బొమ్మతో ఎర్ర బోర్డులు పెట్టి ఉంటాయి. పట్టణాల్లో, రోడ్ల మీద, గైడు తీసుకెళ్లే చోట ఆ బాధ లేదు. ఫొటో కోసమో, అవసరానికో రోడ్డు దిగి పొదల్లోకి, పాడుబడ్డ ఇళ్లలోకి వెళ్లకూడదు, అంతే. కొసావోలోని దెచాని మఠం గేటు దగ్గర నాటో సైనికులు కనిపిస్తే బెదిరిపోకండి. అక్కడ పాస్‌పోర్టు చూపించి లోపలికి వెళ్లడం రోజూ జరిగేదే. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి.

చకచకా మరికొన్ని

"అంతటా యూరోనే." మాంటెనెగ్రో, కొసావోల్లో యూరోనే నడుస్తుంది. అల్బేనియాలో లెక్, మాసిడోనియాలో దెనార్, సెర్బియాలో దినార్, బోస్నియాలో మార్క్. ఒక యూరోకు 1.95583 మార్కులు, ఎప్పుడూ ఇదే రేటు. మిగిలిన మార్కులు బోస్నియా దాటకముందే మార్చేసుకోండి, బయట ఎవరూ తీసుకోరు.

"శాకాహారులు పస్తులుండాలి." అక్కర్లేదు. బోస్నియాలో బురెక్ (పల్చటి పిండిపొరల్లో కూరి కాల్చే వంటకం) అంటే మాంసమే, కాబట్టి జున్నుదైతే సిర్నిత్సా, పాలకూరదైతే జెల్యానిత్సా, బంగాళాదుంపదైతే క్రొంపిరుషా అని అడగండి. మాసిడోనియాలో మట్టిపాత్రలో వండే చిక్కుడు గింజల కూర తవ్చె గ్రవ్చె తృప్తిగా తినొచ్చు, సాసేజ్ వేశారేమో కనుక్కుని. కాల్చిన ఎర్ర మిరపకాయల అయ్‌వార్ మన రోటిపచ్చడిలా రొట్టెలోకి బాగుంటుంది, కారం మాత్రం తక్కువ.

"షెంజెన్ ఇన్సూరెన్స్ తీసుకున్నాం, చాలు." 30,000 యూరోల కవరేజీ వీసాకు చాలు. కానీ కొన్ని పాలసీలు షెంజెన్ దేశాలకే పరిమితం. ఓహ్రిడ్‌లో కాలు విరిగితే ఒక్క రూపాయి రాదు. పాలసీ కాగితంలో షెంజెన్ బయటి ఆ ఆరు దేశాలూ వర్తిస్తాయని రాసి ఉందో లేదో చదివి తీసుకోండి.

"చిన్న దేశాలే కదా, ఎనిమిది రోజుల్లో ఆరు చూసేయొచ్చు." టిరానా నుంచి ఓహ్రిడ్ 130 కిలోమీటర్లే గానీ కొండదారి, మధ్యలో చెక్‌పోస్టు, రెండున్నర మూడు గంటలు పడుతుంది. జులై, ఆగస్టుల్లో సరిహద్దు క్యూలు అదనం. బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగితీరాలి, ఎవరు తొందరపెట్టినా కుదరదు. జిరోకాస్తర్, బెరాత్ పాత పేటల్లోకి పెద్ద బస్సు వెళ్లదు, నున్నగా అరిగిపోయిన రాళ్ల వీధుల్లో ఎగువకు నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బుకింగ్ అప్పుడే చెబితే కింది రోడ్డు మీద హోటల్ చూడమని, కోట దాకా టాక్సీ పెట్టమని అడగొచ్చు.