ఉక్కు భవనాల వెనక కథ: నిప్పు, అతుకు, అలవాటు

భవన నిర్మాణంలో ఉక్కు వాడకం పెరగాలన్న మాట కొత్తదేమీ కాదు. ఉక్కు తయారీదారులు, ఇంజినీర్ల సంఘాలు నూరేళ్లుగా అదే పాట పాడుతున్నాయి. అయినా ప్రపంచంలో చాలాచోట్ల మామూలు అపార్టుమెంట్లు కాంక్రీటు పిల్లర్ల మీదే లేస్తున్నాయి. నిజానికి వాటిలోనూ ఉక్కు ఉంటుంది, ఊచల రూపంలో కాంక్రీటు లోపల. కాబట్టి అసలు పేచీ భవనం బరువంతా మోసే చట్రం గురించి: అది పూర్తిగా ఉక్కు దూలాలతో, స్తంభాలతో ఉండాలా, ఊచలు వేసి పోసిన కాంక్రీటుతోనా? ఈ పోటీని తేల్చడంలో ఉక్కు బలం పాత్ర మనం అనుకునేంత పెద్దది కాదు. నిప్పు భయం, అతికే పద్ధతి, నిబంధనలు, పని తెలిసిన మనుషులు దొరకడం, ఈ నాలుగే ఎక్కువ పని చేశాయి.

విచిత్రమేమిటంటే, ఇనుము భవనాల్లోకి వచ్చిందే నిప్పుకు భయపడి. 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్‌లోని నూలు, నార మిల్లులు తరచుగా తగలబడేవి. నూనె పీల్చుకున్న చెక్క అంతస్తులు, గాలినిండా పీచుదుమ్ము, వెలుతురు కోసం దీపాలు. ఇక అంటుకోక ఏమవుతుంది? 1797లో ష్రూస్‌బరీలో చార్లెస్ బేజ్ అనే ఆయన ఒక నార మిల్లుకు పోత ఇనుముతో స్తంభాలు, దూలాలు పెట్టి, వాటి మధ్య ఇటుక కమానులు కట్టించాడు. లోపలి చట్రమంతా ఇనుముతో కట్టిన తొలి భవనంగా దాన్ని చెబుతారు. ఇప్పటికీ నిలిచే ఉంది.

అప్పటికి ఇనుమును ఎలా అతకాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అంతకు ముందు 1779లో సెవర్న్ నది మీద కట్టిన ఇనుప వంతెన దగ్గరికి వెళ్లి చూస్తే ఇది కళ్లకు కడుతుంది. దాని ముక్కల్ని వడ్రంగి పద్ధతిలో గాడి చేసి, కుసి దూర్చి, చీలలు దిగ్గొట్టి కలిపారు. చెక్కతో చేసే పనినే ఇనుముతో చేశారన్నమాట.

పోత ఇనుముకు పెద్ద లోపం ఒకటుంది. నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది, లాగితే పుటుక్కున తెగుతుంది. వంగి ముందుగా హెచ్చరించే గుణం దానికి లేదు. 1847లో ఇంగ్లండ్‌లోని చెస్టర్ దగ్గర డీ నది మీది వంతెన రైలు వెళ్తుండగా విరిగి ఐదుగురు చనిపోయాక ఈ సంగతి అందరికీ తలకెక్కింది. చేత ఇనుము లాగుడుకు తట్టుకుంటుంది గానీ, దాన్ని కొలిమి ముందు మనిషి నిలబడి కడ్డీతో కలియబెడుతూ కొద్దికొద్దిగా తయారు చేయాలి. 1889 నాటి ఈఫిల్ టవర్ ఉక్కుదని చాలామంది అనుకుంటారు. అది ఇలా కలియబెట్టి తీసిన ఇనుముతో కట్టిందే.

ఉక్కు చౌకగా దొరకడం 1856లో హెన్రీ బెస్సెమర్ పద్ధతితో మొదలైంది. కరిగిన ఇనుములోకి గాలి ఊదితే అదనపు కార్బన్ మండిపోయి, అరగంటలోపే టన్నులకొద్దీ ఉక్కు తయారయ్యేది. కానీ ఖనిజంలో భాస్వరం ఎక్కువుంటే ఆ ఉక్కు పెళుసుబారేది. ఒక్కో విడత ఒక్కోలా వచ్చేది. ఆ అపనమ్మకం ఎంత దూరం పోయిందంటే, బ్రిటన్‌లో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ అనే ప్రభుత్వ శాఖ 1877 వరకు వంతెనల్లో ఉక్కు వాడకాన్నే అనుమతించలేదు. ఆలోగా ఉక్కు తయారీకి సీమెన్స్-మార్టిన్ పద్ధతి అనే మరో దారి వచ్చింది. నెమ్మదే గానీ నాణ్యత చేతిలో ఉండేది. నిషేధం తొలగిన పదమూడేళ్లకు, 1890లో, స్కాట్లండ్‌లో ఫోర్త్ వంతెన పూర్తయింది. అందులో సుమారు 54,000 టన్నుల ఉక్కు ఉంది.

భవనాల వంతు షికాగోలో వచ్చింది. 1871 అగ్నిప్రమాదంలో నగరం నడిబొడ్డు బూడిదైంది. మళ్లీ కట్టేటప్పుడు స్థలం ఖరీదు, లిఫ్టు అందుబాటు రెండూ కలిసి భవనాన్ని పైకి నెట్టాయి. గోడలే బరువు మోస్తే ఎత్తు పెరిగేకొద్దీ కింది గోడ లావెక్కుతుంది. 1891లో పూర్తయిన మొనాడ్నాక్ భవనమే సాక్ష్యం. 16 అంతస్తులు నిలబెట్టడానికి నేల దగ్గర ఇటుక గోడ దాదాపు 1.8 మీటర్ల మందం కావాల్సి వచ్చింది. అద్దెకిచ్చుకోవాల్సిన చోటును గోడలే మింగేశాయి. అంతకు ఆరేళ్ల ముందే, అదే ఊళ్లో, విలియం లె బారన్ జెన్నీ 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనంలో బరువులో ఎక్కువ భాగాన్ని లోహపు చట్రానికి అప్పగించాడు. కింది అంతస్తులు ఇనుముతో, పైవి ఉక్కు దూలాలతో. తొలి ఆకాశహర్మ్యం అదేనా అన్న వాదన ఇంకా తెగలేదు, తెగాల్సిన అవసరమూ పెద్దగా లేదు. 1931లో దాన్ని కూల్చేశారు. ఎంపైర్ స్టేట్ భవనం తెరుచుకున్నదీ ఆ ఏడాదే.

ఆ తరం ఉక్కు భవనాలు ఎక్కువగా రివెట్ల మీద, అంటే పలకల్ని కలిపి బిగించే తలగల లోహపు చీలల మీద నిలిచాయి. ఒక్కో జట్టుకు నలుగురు. ఒకడు చిన్న కొలిమిలో రివెట్‌ను ఎర్రగా కాల్చి పట్టకారుతో విసిరేవాడు. రెండోవాడు దూలం మీద నిలబడి డబ్బాతో దాన్ని గాల్లోనే పట్టి రంధ్రంలో పెట్టేవాడు. మూడోవాడు తల వైపు బరువైన ఇనుప కడ్డీతో అదిమి పట్టేవాడు. నాలుగోవాడు రెండో కొసను గాలి సుత్తితో కొట్టి బొడిపెలా చదును చేసేవాడు. చల్లారేటప్పుడు రివెట్ కుంచించుకుపోయి రెండు పలకల్నీ బిగబట్టేస్తుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ చెవులు చిల్లులు పడే మోత, నిప్పుల ప్రమాదం, ఎప్పుడూ నలుగురూ కలిసే ఉండాల్సిన ఖర్చు. 1951లో అమెరికాలో గట్టి బోల్టుల వాడకానికి నిబంధనలు వచ్చాక రివెట్ల పని క్రమంగా అయిపోయింది. ఇద్దరు మనుషులు, ఒక రెంచి చాలు. వెల్డింగ్ ఎక్కువగా ఫ్యాక్టరీ లోపలికి, బోల్టు సైటు మీదికి సర్దుకున్నాయి. ఆ పని విభజనే నేటికీ నడుస్తోంది.

నిబంధనల సంగతీ అంతే ముఖ్యం. మొదట్లో ఒక్కో నగరానిది ఒక్కో లెక్క, ఒక్కో మిల్లుకు ఒక్కో చేతిపుస్తకం. 1921లో ఏర్పడిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్టీల్ కన్‌స్ట్రక్షన్ 1923లో ఉమ్మడి డిజైన్ నిబంధనలు వెలువరించింది. ఉక్కు వాడకం పెంచడానికి ప్రకటనల కన్నా అలాంటి పుస్తకాలే ఎక్కువ ఉపకరించాయని నా అభిప్రాయం. ఇంజినీరు తనకు లెక్క వేయడం వచ్చిన పదార్థాన్నే ఎంచుకుంటాడు.

ఇక్కడే కాంక్రీటు దెబ్బ కొట్టింది. 1892లో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా ఎన్నెబిక్ ఊచల కాంక్రీటు పద్ధతికి పేటెంటు తీసుకుని, దేశదేశాల కాంట్రాక్టర్లకు లైసెన్సులిచ్చి వ్యాపింపజేశాడు. కాంక్రీటుకు ఇసుక, కంకర దగ్గర్లోనే దొరుకుతాయి. చెక్కతో ఏ ఆకారానికైనా సెంట్రింగ్ కొట్టొచ్చు. పని మధ్యలో యజమాని మనసు మార్చుకున్నా సర్దుకోవచ్చు. ఉక్కు అలా కాదు. డ్రాయింగ్ ఖరారయ్యాకే వర్క్‌షాపులో దూలం కోస్తారు, రంధ్రాలు వేస్తారు. సైటులో రంధ్రాలు కలవకపోతే క్రేన్ నిలిచిపోతుంది, అందరికీ టెన్షనే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో ఉక్కుకు పర్మిట్లు అవసరమవడంతో డిజైనర్లు కాంక్రీటుకు అలవాటు పడ్డారు. పర్మిట్లు పోయినా అలవాటు పోలేదు.

ఇంకొకటి నిప్పు. ఉక్కు మండదు, కానీ 550 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని బలం సుమారు సగానికి పడిపోతుంది. అందుకే ప్రతి దూలానికీ మందంగా పూత పూయాలనేవారు, ఉక్కు చట్రం ఖర్చు అక్కడే పెరిగేది. 1990లో లండన్ బ్రాడ్‌గేట్‌లో ఇంకా కడుతున్న 14 అంతస్తుల భవనంలో మంటలు గంటల తరబడి రేగాయి. చాలా ఉక్కుకు అప్పటికి రక్షణ పూత కూడా లేదు. స్తంభాలు కొన్ని కుంగాయి, దూలాలు వంగాయి, భవనం మాత్రం కూలలేదు. ఎందుకు కూలలేదో తేల్చడానికి ఇంగ్లండ్‌లోని కార్డింగ్టన్‌లో ఒక పాత ఎయిర్‌షిప్ షెడ్డులో ఎనిమిది అంతస్తుల ఉక్కు భవనమే కట్టి 1990ల మధ్యలో అందులో నిప్పు పెట్టారు. కొన్ని దూలాలు 1,000 డిగ్రీలు దాటినా అంతస్తులు కుంగి కిందికి వేలాడాయే గానీ పడిపోలేదు. దూలం నీరసించినప్పుడు దాని మీది స్లాబ్, లోపలి ఊచల జాలీతో సహా, బరువును చుట్టుపక్కలకు లాగి మోసింది. ఒక్కో దూలాన్ని విడిగా కొలిమిలో పరీక్షించి పెట్టుకున్న పాత లెక్కలు మితిమీరిన జాగ్రత్తతో ఉన్నాయని తేలింది. అన్ని దూలాలకూ పూత అక్కర్లేదన్న డిజైన్ పద్ధతులు అక్కడి నుంచే వచ్చాయి. ఈ పరిశోధనకు తోడు ఉక్కు రేకు మీద కాంక్రీటు పోసే తేలిక అంతస్తులు కలిసి, బ్రిటన్ బహుళ అంతస్తుల భవనాల్లో ఉక్కును మళ్లీ ముందుకు తెచ్చాయి.

భూకంపాల విషయంలో మాత్రం ఉక్కువాళ్ల ధీమాకు గట్టి దెబ్బే తగిలింది. ఉక్కు సాగుతుంది కాబట్టి భూకంపానికి భయం లేదనుకునేవారు. 1994లో అమెరికాలోని కాలిఫోర్నియాలో వచ్చిన నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత గోడల పలకలు విప్పి చూస్తే దూలం, స్తంభం కలిసేచోట వెల్డింగులు చిట్లి ఉన్నాయి. లోపం అతుకులో, దాని డిజైన్‌లో ఉంది. ఆ తర్వాత అతుకు కాకుండా దూలమే ముందు వంగేలా, దాని అంచుల్ని కావాలనే కొంత కోసి సన్నం చేసే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

ఇప్పుడు పేచీ కార్బన్ మీదికి మళ్లింది. ప్రపంచంలో తయారయ్యే ఉక్కులో దాదాపు సగం భవనాలు, వంతెనల వంటి నిర్మాణాలకే పోతోంది. బొగ్గు కొలిమిలో టన్ను ఉక్కు తీస్తే సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి చేరుతుంది. పాత ఉక్కును విద్యుత్ కొలిమిలో కరిగిస్తే అందులో చిన్న వంతే. అసలు కరిగించకుండా, బోల్టులు విప్పి దూలాన్ని ఉన్నదున్నట్టు మరో భవనానికి తీసుకుపోవచ్చు కూడా. చిక్కల్లా కార్డింగ్టన్‌లో భవనాన్ని కాపాడిన స్లాబుతోనే. దాన్ని దూలం మీద వెల్డ్ చేసిన స్టడ్లు, అంటే పొట్టి ఉక్కు మేకులు, గట్టిగా పట్టుకుని ఉంటాయి, కాంక్రీటు పగలగొట్టకుండా దూలం బయటికి రాదు. వెల్డింగ్ స్టడ్ల బదులు విప్పదీయగల బోల్టులు వాడే స్లాబుల మీద ఇప్పుడు ప్రయోగాలు నడుస్తున్నాయి.