డెబ్బైలో ఏడు ఎక్కడ?

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. టీవీలో 'బాహుబలి' వచ్చినప్పుడల్లా కాలకేయుల కిలికి కోసమే కూర్చుంటాడు. ఈ సెలవుల్లో వాడే సొంతంగా ఒక భాష మొదలుపెట్టాడు. లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టి, "మామయ్యా, మావాళ్ళకి చేతికి ఆరు వేళ్ళు. అందుకని పన్నెండుతో లెక్కిస్తారు. బాగుందా?" అన్నాడు.

చూశాను. పన్నెండు దాకా పన్నెండు కొత్త మాటలు. ఆ తరవాత 'పన్నెండు-ఒకటి', 'పన్నెండు-రెండు', అలా 144 దాకా ఒక్క మచ్చ లేకుండా పోయింది. ఆ మచ్చ లేకపోవడమే నాకు నచ్చలేదు.

పదికి బదులు వేరే సంఖ్య ఆధారంగా ఎలా లెక్కించాలో ఇక్కడ చెప్పను, ఏ లెక్కల పుస్తకంలోనైనా దొరుకుతుంది. కొత్త భాష కట్టేవాళ్ళు చాలామంది ఆ ఆధారం మార్చేసి పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అక్కడి నుంచే మొదలవుతుంది.

2009లో వచ్చిన 'అవతార్' సినిమాకి పాల్ ఫ్రామర్ అనే భాషాశాస్త్రవేత్త, అందులోని 'నావి' అనే జనం మాట్లాడేందుకు నావి భాష తయారుచేశాడు. నావి జనానికి చేతికి నాలుగే వేళ్ళు, కాబట్టి లెక్క ఎనిమిదితో. ఎనిమిది 'వోల్', పదహారు 'మెవోల్', అరవై నాలుగు 'జమ్'. ఇంతవరకు మావాడు కూడా చేయగలడు. ఇప్పుడు ఆరు చూడండి: 'పుకప్'. ఎనిమిదీ ఆరూ కలిపితే పద్నాలుగు కదా, 'వోల్ పుకప్' అనాలి. అనరు, 'వోఫు' అంటారు. వోల్‌లో లకారం రాలిపోయింది, పుకప్ తోక తెగింది, మిగిలిన 'పు' మెత్తబడి 'ఫు' అయింది. నావిలో ఏడు 'కినా', అందులోని 'క' కూడా పదిహేనులోకి వచ్చేసరికి 'హ' అవుతుంది: 'వోహిన్'. నావి వ్యాకరణంలో కొన్ని చోట్ల ప ఫ అవుతుంది, క హ అవుతుంది. అదే సూత్రాన్ని ఫ్రామర్ అంకెల్లోకీ తెచ్చాడు. ఎవరూ మాట్లాడని భాషకి వందల ఏళ్ళు మాట్లాడి అరగదీసిన వాటం వచ్చేసింది.

ఇదెక్కడో విన్నట్టుందా? ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు బల్ల చరిచి వల్లె వేయించిన గసడదవాదేశం! క చ ట త పలు గ స డ ద వలు కావడం. సూత్రం నోటికొచ్చేది, అది దేనికో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాలుక కష్టపడలేక గట్టి అక్షరాన్ని మెత్తబరుచుకుంటుంది, అంతే సంగతి. మన పదులు చూడండి. ఇరు, పది కలిసి 'ఇరువది'. ప కాస్తా వ అయింది. అది ఇంకా అరిగి ఇరవై. అరువది అరవై. 'ముప్పది'లో మాత్రం ప గట్టిగా నిలబడింది, ఎందుకంటే ఒత్తు దానికి కాపలా. 'పండ్రెండు'లో ఆ మూడక్షరాల పోట్లాట నోటికి బరువై పన్నెండు అయింది. 'పదునొకండు' పదకొండు అయింది.

పదిహేను ఇంకా తమాషా. ఇందులో అయిదు లేదు! ఉన్నది 'ఏను'. అయిదుకి పాత తెలుగులో ఉన్న మాట అది. విడిగా ఎప్పుడో చచ్చిపోయింది గానీ పదిహేనులో, యాభైలో (ఏబది) తలదాచుకుని బతుకుతోంది. సంఖ్యలు జంతుప్రదర్శనశాల కాదు, శిలాజాల మ్యూజియం.

ఇక నా ప్రాణం డెబ్బై. ఏడు పదులు డెబ్బై ఎలా అయ్యాయి, ఏడు ఏది? అక్కడే ఉంది, తలకిందులుగా. ఏడు, పది కలిసినప్పుడు ముందున్న అచ్చు వెనక్కి, వెనకున్న డకారం ముందుకి గెంతాయి: డెబ్బది. తెలుగుకి ఈ గెంతు ఒక వ్యసనం. తమిళంలో 'ఉరల్', మనకి రోలు. తమిళంలో 'ఇరండు', మనకి రెండు. అచ్చు వెనక్కి జరిగింది కాబట్టే మన రెండు ర-తో మొదలవుతుంది. కానీ ఇరవైలో ఆ గెంతు జరగలేదు, ఇ ముందే ఉండిపోయింది. అంటే 'రెండు', 'ఇరవై' ఒకే తల్లి పిల్లలైనా మొహాలు కలవవు. రెండుకి పది చేర్చి ఇరవై తయారుచేయమంటే ఏ కంప్యూటరూ చేయలేదు, బట్టీ పట్టాల్సిందే. మూడేళ్ళ పిల్లలు పట్టేస్తారు.

ఇలా అన్ని భాషలూ గజిబిజిగానే ఉండాలని లేదు. చైనీయులు శుభ్రంగా 'పది-ఒకటి', 'రెండు-పది' అంటారు. జామెన్‌హాఫ్ 1887లో ప్రకటించిన ఎస్పెరాంతో కూడా అంతే: 'దెక్' పది, 'దుదెక్' ఇరవై. అయితే అది అందరూ తేలిగ్గా నేర్చుకోవాలని చేసిన భాష. మావాడి జనమేమో అడవిలో ఉంటారట, వాళ్ళకి జామెన్‌హాఫ్ ఎక్కడ దొరుకుతాడు?

పైగా ఆరు వేళ్ళుంటే పన్నెండే రావాలని రూలేం లేదు. ఉత్తర కాలిఫోర్నియాలోని యూకీ జాతివారికి మనలాగే పదివేళ్ళు, లెక్క మాత్రం ఒకప్పుడు ఎనిమిదితో. వాళ్ళు లెక్కపెట్టింది వేళ్ళని కాదు, వేళ్ళ మధ్య సందుల్ని! ఈ లెక్కన మావాడి జనానికీ చేతికి అయిదు సందులు. తిరిగి తిరిగి మళ్ళీ పదికే వస్తారు.

వేళ్ళని మించిన సంగతి ఇంకోటుంది: ఏం కొలుస్తారు? పదివేళ్ళ తెలుగువాళ్ళు ధాన్యం దగ్గర నాలుగుతో లెక్కించారు. నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము. మధ్యలో సగాలూ ఉన్నాయి: మానికలో సగం తవ్వ, కుంచంలో సగం అడ్డ. పోసిన కుప్పని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేయడం కళ్ళకి సులువు, పదో వంతు చేయడం కష్టం. గవ్వల్లో నాలుగు పుంజీ. భిన్నాలు రాయడానికి కూడా మనకి నాలుగు ఆధారంగా అంకెలుండేవి: ఒక స్థానంలో నిలువు గీతలు, పక్క స్థానంలో అడ్డగీతలు, మళ్ళీ నిలువు. గీతలు మూడు దాటవు, దిశ మారుతుంది కాబట్టి స్థానాలు కలిసిపోవు. 2008లో యూనికోడ్ వీటికి చోటిచ్చింది. ఈ ఆధారాల పాఠాన్ని కంప్యూటరు సున్నా-ఒకటితో మొదలుపెట్టేకన్నా సోలా మానికలతో మొదలుపెడితే పిల్లలకి ఎంత బాగుంటుందో!

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతని 'ఒకటి' అనేవారు కాదు, 'లాభం' అనేవారు. ఇక 'ఏడు' అంటే ఏడవమని కూడా అర్థం, శుభమా అని కొలుస్తూ ఏడవడమేమిటి? అందుకని ఆ మాట అనకుండా దాటేసేవారు. ఎవరైనా ఏడుపు లంకించుకుంటే 'ఆరున్నొక్క రాగం' అంటాం, ఆ ఆరూ ఒకటీ కలిస్తే వచ్చేది ఇదే. మూఢనమ్మకమే, కాదనను. కానీ పదమూడు మనకి చెడ్డది కాదు, ఆ భయం ఇంగ్లీషు నుంచి దిగుమతి అయింది. ఏడు మీద అనుమానం మాత్రం తెలుగుకే సొంతం, ఎందుకంటే అది ఈ భాషలోని శబ్దంలోంచి పుట్టింది.

ఇదంతా విని మావాడు నోట్‌బుక్ మూసి, "పుట్టి అంటే ఎన్ని?" అన్నాడు. ఇరవై తూములు అన్నాను. ఆ ఇరవైతో నాలుగుల వరస చెడింది కదా అని వాడి సందేహం. కాగితం తీసి వేశాడు. పుట్టికి 5120 గిద్దెలు. నావి లెక్కలో రాస్తే 12000. నాలుగుతో రాస్తే 1100000. "పెద్దగా ఏం చెడలేదు మామయ్యా," అని, వాళ్ళ జనం ఉప్పు కొలుస్తారా, తేనె కొలుస్తారా తేల్చడానికి వెళ్ళిపోయాడు.