జూన్ 19న ఏం జరిగింది? బడుల వివాదం వెనుక కథ

కరోనాతో మూతపడ్డ బడులు 2021 సెప్టెంబరు 1, బుధవారం తెలంగాణలో తెరుచుకున్నాయి. గురుకులాలు, సంక్షేమ వసతి గృహాలు మాత్రం తెరుచుకోలేదు. ముందురోజు, ఆగస్టు 31న, హైకోర్టు వాటి వరకు స్టే ఇచ్చింది. మిగతా బడులకు కూడా పిల్లలు వచ్చి తీరాలని ఎవరూ బలవంతపెట్టకూడదని, ప్రత్యక్ష తరగతులు నడపని యాజమాన్యాలపై చర్యలు తీసుకోకూడదని తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎం.ఎస్.రామచంద్రరావు ధర్మాసనం చెప్పింది. వారంలోగా మార్గదర్శకాలు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఆదేశించి, విచారణను అక్టోబరు 4కు వాయిదా వేసింది.

అంగన్‌వాడీ నుంచి పీజీ దాకా అన్నీ ఒకేరోజు తెరవాలని ప్రభుత్వం నిర్ణయించి అప్పటికి వారం దాటింది. ఆగస్టు 30లోగా ప్రాంగణాలు శుభ్రం చేయించాలని పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఆదేశాలు వెళ్లాయి. గదులు కడిగించారు. తీరా రేపు బడి అనగా కోర్టు అడ్డుపడిందని అప్పుడు కొందరు విసుక్కున్నారు. ఆ విసుగులో న్యాయం లేదని అనలేం. కానీ ఈ వ్యవహారం ఆగస్టులో మొదలైంది కాదు. అలాగని 2020 మార్చి నాటి జనతా కర్ఫ్యూ నుంచీ చెప్పుకురావలసిన పనీ లేదు. మూల ఘట్టం జూన్ 19 నాటి మంత్రివర్గ సమావేశం.

ఆ శనివారానికి ముందు ఆంక్షల సడలింపు ఎలా సాగిందో గుర్తు చేసుకోండి. మే 12న లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఉదయం 6 నుంచి 10 వరకే సడలింపు. మే 31 నుంచి దాన్ని మధ్యాహ్నం ఒంటిగంటకు పొడిగించారు, ఇల్లు చేరడానికి మరో గంట ఇచ్చారు. జూన్ 10 నుంచి సాయంత్రం 5 వరకు, ఇంటికి చేరడానికి 6 దాకా. ఇక్కడ ఒక వివరం ఉంది, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జూన్ 8 నాటి మంత్రివర్గ నిర్ణయంలో సత్తుపల్లి, మధిర, నల్గొండ, నాగార్జునసాగర్, దేవరకొండ, మునుగోడు, మిర్యాలగూడ నియోజకవర్గాలను సడలింపు నుంచి మినహాయించారు. అక్కడ వ్యాధి ఇంకా అదుపులోకి రాలేదు కాబట్టి పాత వేళలే కొనసాగుతాయన్నారు. అంటే ఎక్కడ ఎంత ఉందో చూసి, దాన్నిబట్టి తలుపు ఎంత తెరవాలో తేల్చే పద్ధతి ప్రభుత్వం చేతిలో ఉంది. అది వాడింది కూడా.

పదకొండు రోజుల తర్వాత ఆ పద్ధతి జాడ లేదు. జూన్ 20 నుంచి లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తివేత. ఏ ఊరికీ మినహాయింపు లేదు. అదే సమావేశంలో, జూలై 1 నుంచి అన్ని విద్యాసంస్థలనూ ప్రత్యక్ష తరగతులతో తెరవాలని నిర్ణయం. కేసులు, పరీక్షల్లో పాజిటివ్ తేలే శాతం తగ్గాయని, వ్యాధి అదుపులోకి వచ్చిందని వైద్యశాఖ ఇచ్చిన నివేదికలను కారణంగా చెప్పారు. సామాన్యుల బతుకుదెరువు దెబ్బతినకూడదన్నారు. కేసులు తగ్గిన మాట నిజమే, అయినా అప్పటికి రోజుకు ఇంకా వెయ్యికి పైగా వస్తూనే ఉన్నాయి. మూడు మెట్లు ఆచితూచి దిగినవాళ్లు మిగతా మెట్లన్నీ ఒక్క దూకులో ఎందుకు దాటారో ఆ ప్రకటనలో కనిపించదు. ఆ ఏడు నియోజకవర్గాల్లో ఈలోగా ఏం మారిందో కూడా లేదు.

బడుల సంగతికొస్తే మరీ విచిత్రం. తెరిచే తేదీ ఖరారైంది. హాజరు తప్పనిసరా, ఆన్‌లైన్ పాఠాలు కొనసాగుతాయా అన్నవాటిపై మాత్రం విధివిధానాలు త్వరలో విడుదల చేయాలని విద్యాశాఖకు చెప్పారు. ముహూర్తం పెట్టేసి, పెళ్లికొడుకును తర్వాత వెతుకుదామన్నట్టు. పిల్లలకు అప్పటికి టీకా లేదు. పన్నెండేళ్లు పైబడినవారికి ఒక టీకాకు అత్యవసర అనుమతి వచ్చిందే ఆగస్టు 20న. బడులు తెరిచేనాటికి అది పిల్లల దాకా చేరనే లేదు.

జూన్ 23న హైకోర్టు ఇదే అడిగింది: తరగతి గదిలో పిల్లల మధ్య దూరం ఎలా పాటిస్తారు? హాజరు తప్పనిసరి కాదని, మార్గదర్శకాలు తయారవుతున్నాయని అధికారులు బదులిచ్చారు. నెలాఖరుకు ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. జూలై 1న మొదలైనవి ఆన్‌లైన్ పాఠాలే.

కోర్టు అడిగాక కదలడం అప్పటికే అలవాటుగా మారింది. ఏప్రిల్ 19న హైకోర్టు 48 గంటల గడువు పెట్టింది, 20న రాత్రి కర్ఫ్యూ వచ్చింది. అది ఏప్రిల్ 30తో ముగియనుండగా తర్వాత సంగతేమిటని కోర్టు అడిగింది, అదే రోజు మే 8 వరకు పొడిగించారు. లాక్‌డౌన్ ఉండదని మే 6న ముఖ్యమంత్రి చెప్పారు; మే 11న కోర్టులో విచారణ నడుస్తుండగానే మధ్యాహ్నం మంత్రివర్గం కూర్చుని లాక్‌డౌన్ ప్రకటించింది. ఆంక్షలు పెట్టేటప్పుడూ ఇదే వరస, తీసేటప్పుడూ ఇదే వరస. (ఆ రోజుల్లో ఈ ప్రశ్నలు వేసిన అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిమా కోహ్లీ, గురుకులాలపై స్టే వచ్చిన ఆగస్టు 31నే ఢిల్లీలో సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ప్రమాణం చేశారు. కుర్చీలో మనిషి మారారు, ప్రశ్న మారలేదు.)

గురుకులాల విషయం వేరుగా ఎందుకు చూడాలో తెలియాలంటే మార్చికి వెళ్లాలి. ఆ ఏడాది ఫిబ్రవరి 1న తొమ్మిది, ఆపై తరగతులకు, అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది వరకు బడులు తెరిచారు. నెల తిరిగేసరికి వసతి గృహాల్లో, గురుకులాల్లో వరుసగా కేసులు బయటపడ్డాయి. మార్చి 24 నుంచి విద్యాసంస్థలన్నీ మళ్లీ మూతపడ్డాయి. మామూలు బడి పిల్లవాడు సాయంత్రానికి ఇంటికెళ్తాడు. గురుకులంలో పక్కపక్కనే పడకలు, మంచం కింద ట్రంకుపెట్టె, పొద్దున్నే కుళాయిల దగ్గర వరస, పళ్లెం పట్టుకుని భోజనానికి మరో వరస. ఒకరికి జ్వరం వస్తే ఆ గది మొత్తానికి వచ్చినట్టే. ఈ అనుభవం ప్రభుత్వానికి కొత్త కాదు. అయిదు నెలల తర్వాతి ఉత్తర్వులో మాత్రం గురుకులాలకూ మిగతావాటికీ తేడా లేకపోయింది.

ఫిబ్రవరిలో పుట్టిన మరో వస్తువు అంగీకార పత్రం. పిల్లవాణ్ని బడికి పంపడం మా ఇష్టమేనని తల్లిదండ్రులు సంతకం చేసివ్వాల్సి వచ్చింది. కొన్ని బడుల్లో ఆ కాగితం ఇంకొంచెం పొడవు పెరిగింది: ఏదైనా అయితే యాజమాన్యానికి బాధ్యత లేదన్న వాక్యం చేరింది. వేలిముద్ర వేసే తల్లి చేత కూడా ఆ హామీ తీసుకున్నారు. ఇలాంటి కాగితాలకు చట్టబద్ధత లేదని హైకోర్టు మంగళవారం తేల్చింది.

ప్రభుత్వం వైపు మాట కూడా చెప్పుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ విద్యా ఛానల్ టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా పాఠాలు మొదలై ఆ సెప్టెంబరు 1కి సరిగ్గా ఏడాది. ఇంట్లో ఒక్క ఫోనుంటే ముగ్గురు పిల్లల్లో ఎవరి పాఠం వినాలి? జీతాలు ఆగిన ప్రైవేటు ఉపాధ్యాయులకు ఏప్రిల్‌లో ప్రభుత్వమే నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఆరు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో సగానికి పైగా అప్పటికే వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు ఉన్నట్టు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వేలో తేలింది. బడులు తెరవాల్సి వస్తే ప్రాథమిక తరగతులతో మొదలుపెట్టవచ్చని ఆ సంస్థ అధిపతి జూలైలో అన్నారు. పొరుగున ఆంధ్రప్రదేశ్ ఆగస్టు 16నే బడులు తెరిచింది.

అయితే అదే ఆంధ్రప్రదేశ్‌కు జూన్‌లో సుప్రీంకోర్టులో ఏం ఎదురైందో మరిచిపోకూడదు. ఇంటర్ పరీక్షలు పెట్టి తీరుతామని వెళితే, అయిదు లక్షల పైచిలుకు విద్యార్థులకు, గదికి పదిహేను పద్దెనిమిది మంది చొప్పున 34 వేలకు పైగా గదులు ఎక్కడివని న్యాయమూర్తులు లెక్క అడిగారు. ఒక్క ప్రాణం పోయినా కోటి రూపాయల పరిహారానికి ఆదేశించవచ్చన్నారు. ఆ రోజే, జూన్ 24న, పరీక్షలు రద్దయ్యాయి. బడులు తెరవాలా వద్దా అన్నది అక్కడా ఇక్కడా అసలు తగవు కాదు. ఎన్ని గదులు, గదికి ఎంతమంది, జ్వరం వస్తే ఎక్కడ పడుకోబెడతారు అన్న లెక్క తేదీకన్నా ముందు చూపించారా లేదా అన్నదే తగవు.

మార్గదర్శకాలకు కోర్టు పెట్టిన గడువు ఆ తర్వాతి వారం. అందులో గురుకులాల పడకల మధ్య దూరం ఎంతో రాస్తారో లేదో అప్పటికి తేలలేదు. అప్పటిదాకా ఆ పిల్లలకు టీశాట్ పాఠాలే.